మహారాజశ్రీ వృద్ధి వ్యూహం గారికి

పెద్ద ప్రైవేటు చమురు కంపెనీల్లో కొలువున్న వృద్ధి వ్యూహం గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. మీరు ప్రస్తుతం ఎటు తిరిగి ఉన్నారో తెలియక, మీ క్షేమం ఏ దిక్కు చూసి అడగాలో తోచడం లేదు.

2020లో మీరు బ్రిటన్ చమురు కంపెనీ బీపీ తరఫున 2030కల్లా చమురు, గ్యాస్ ఉత్పత్తిని 40 శాతం తగ్గిస్తామన్నారు. 2023 ఫిబ్రవరిలో అది 25 శాతానికి దిగింది. అదే రోజు అంతకుముందు ఏడాది లాభం 2,770 కోట్ల డాలర్లని కూడా ప్రకటించారు. అంత లాభం కళ్లెదుట ఉంటే మాట మీద నిలబడటం ఎవరికైనా కష్టమే లెండి. 2025 ఫిబ్రవరిలో ‘రీసెట్’ అన్నారు. చమురు, గ్యాస్‌కి ఏటా వెయ్యి కోట్ల డాలర్లు, హరిత ఇంధనాలకు ఏటా 500 కోట్లకు పైగా కోత. ఈ కంపెనీయే 2000లో పచ్చటి సూర్యుడి లోగో పెట్టుకుని ‘పెట్రోలియానికి ఆవల’ అని చాటుకుంది. ఆవలికి వెళ్లారు, చూశారు, వచ్చేశారు.

ఎక్సాన్‌మొబిల్ అంత దూరం కూడా పోలేదు. నాచు నుంచి ఇంధనం తీస్తామని 2009లో మొదలుపెట్టి 2023 ఆరంభానికల్లా మానుకుంది. ప్రకటనల్లో మాత్రం ఆ నాచు నిగనిగలాడింది.

మీ కష్టం నాకు తెలియనిది కాదు. ఏ బావైనా తోడేకొద్దీ తరిగేదే. తోడినంతా కొత్త నిల్వలతో పూడ్చి చూపించకపోతే షేర్‌హోల్డర్లకు నిద్ర పట్టదు. చూద్దామంటే ప్రపంచంలోని నిల్వల్లో సింహభాగం ప్రభుత్వ కంపెనీల గుప్పిట్లో ఉంది. ఆ టెన్షన్ ఎలాంటిదో షెల్‌ని అడగాలి. తన రుజువైన నిల్వల్లో, అంటే దాదాపు తప్పక తీయగలమని లెక్క చూపినవాటిలో, 20 శాతం నిజానికి ఆ లెక్కలోకి రావని 2004లో ఒప్పుకుంది, ఛైర్మన్ పదవి పోయింది. కాగితం మీద తవ్వడానికి రిగ్గు అక్కర్లేదు మరి.

తవ్వడం కష్టమైతే కొనడం ఉండనే ఉంది. 2023 అక్టోబరులో పయనీర్ అనే చమురు కంపెనీని 5,950 కోట్ల డాలర్లకు కొంటున్నామని ఎక్సాన్, హెస్ అనే మరో చమురు కంపెనీని 5,300 కోట్లకు కొంటున్నామని షెవ్రాన్ ప్రకటించాయి. ఆ సంతకాలతో భూమిలో ఒక్క బ్యారెల్ కూడా పెరగలేదు. పెరిగింది ఆ ఇద్దరే. హెస్‌కి గయానా సముద్రంలోని స్టాబ్రోక్ అనే చమురు బ్లాకులో అప్పట్లో 30 శాతం వాటా ఉండేది. అందులోనే 45 శాతం ఉన్న ఎక్సాన్, ముందు మమ్మల్ని అడగాలి కదా అని పంచాయితీ పెట్టింది. 2025 జూలైలో గానీ అది షెవ్రాన్ పక్షాన తేలలేదు. 1911లో అమెరికా సుప్రీంకోర్టు 34 కంపెనీలుగా విడగొట్టించిన స్టాండర్డ్ ఆయిల్ వారసులే వీళ్లిద్దరూ. అంటే ఇది దాయాదుల తగాదా.

ఇక నేను చేతులెత్తి మొక్కేది మీ బైబ్యాక్ తెలివికి. 2023 జనవరిలో షెవ్రాన్ తన సొంత షేర్లు తానే కొనుక్కోవడానికి 7,500 కోట్ల డాలర్లు మంజూరు చేసుకుంది. హెస్ మొత్తానికి ఇస్తానన్న దానికంటే ఇది ఎక్కువ! షేర్ల సంఖ్య తగ్గితే ఒక్కో షేరుకి వచ్చే లాభం పెరుగుతుంది. కొత్త బావి పడలేదు, ఉన్న బావి ఊరలేదు, కింద భాగించే అంకె చిన్నదైంది. దీన్ని కూడా మీరు వృద్ధి పద్దులోనే వేస్తారు.

ధరను నమ్ముకుని బతకడం మీ తప్పు కాదు. 2020 ఏప్రిల్ 20న అమెరికా క్రూడ్ ఫ్యూచర్స్ (ముడిచమురు ముందస్తు కొనుగోలు ఒప్పందాలు) ధర బ్యారెల్‌కి మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. అంటే తీసుకెళ్లమని ఎదురు డబ్బిచ్చారు. ఆ ఏడాది 2,240 కోట్ల డాలర్లు నష్టపోయిన ఎక్సాన్, 2022లో 5,570 కోట్లు లాభపడింది.

చివరగా ఒక విన్నపం. 2024 మార్చిలో షెల్ తన 2035 కర్బన ఉద్గారాల తగ్గింపు లక్ష్యాన్ని తీసేసి, 2050 లక్ష్యాన్ని మాత్రం భద్రంగా ఉంచుకుంది. దూరపు తేదీకి ఈ సుఖం ఉంది. అది వచ్చేసరికి ఇప్పుడు సంతకం పెట్టినవాళ్లు కుర్చీలో ఉండరు. కాబట్టి మీ తర్వాతి ప్రజెంటేషన్‌లో ప్రతి హామీ కింద, బ్యారెల్ ఎన్ని డాలర్లు దాటేదాకా అది చెల్లుతుందో కూడా వేయించగలరు. చిన్న అక్షరాలైనా ఫర్వాలేదు, భూతద్దం మేం తెచ్చుకుంటాం.

ఇట్లు,
మీ హామీలన్నీ తేదీలవారీగా ఫైలు చేసుకుంటున్న ఒక పాఠకుడు