అగ్రరాజ్యాల అవస్థలు

ప్రపంచాన్ని నడిపేది న్యాయం కాదు, బలాబలాల రాజకీయమేనని చిన్న దేశాలు వాపోతుంటే జాలి కలుగుతుంది. జాలి అగ్రరాజ్యాల మీద. ప్రపంచ శాంతి భారమంతా నెత్తిన వేసుకుని, మధ్యమధ్యలో యుద్ధాలు కూడా చేసుకోవలసి రావడం మామూలు కష్టమా?

ఐక్యరాజ్యసమితిలో 193 సభ్యదేశాలు. అన్నీ సమానమేనని చార్టర్‌లో రాసి ఉంది. భద్రతామండలిలో ఐదు శాశ్వత సభ్యదేశాల్లో ఏ ఒక్కటి కాదన్నా ముఖ్యమైన తీర్మానమేదీ గట్టెక్కదని కూడా అందులోనే ఉంది. సమానత్వమంతా మిగతావాళ్లకు పంచిపెట్టి, తమకు వట్టి వీటోతో సరిపెట్టుకున్నారు. త్యాగమంటే అదీ!

2022 ఫిబ్రవరిలో మండలి అధ్యక్షస్థానం వంతు ప్రకారం రష్యాకు వచ్చింది. ఉక్రెయిన్ మీద రష్యా దండెత్తింది కూడా ఆ నెలలోనే. 25వ తేదీన దాడిని ఖండించే తీర్మానానికి 11 దేశాలు చేతులెత్తాయి, భారత్ సహా 3 దేశాలు తటస్థంగా ఉండిపోయాయి, రష్యా ఒక్కటే కాదంది. తీర్మానం వీగిపోయింది. ముద్దాయే సభాధ్యక్షుడు, ముద్దాయిదే ఆఖరి మాట. ఎంత సమయం కలిసొచ్చి ఉంటుందో! అణ్వాయుధాలు వదులుకుంటున్న ఉక్రెయిన్‌కు, నీ సరిహద్దులను గౌరవిస్తామని 1994లో సంతకం పెట్టిన దేశాల్లో రష్యా కూడా ఉందన్న సంగతి ఇప్పుడు తవ్వడం సభామర్యాద కాదు.

అమెరికాను తక్కువ చేస్తున్నానని అనుకోకండి. నికరాగువాలో తిరుగుబాటుదారులకు అండగా నిలిచిన కేసులో 1986లో అంతర్జాతీయ న్యాయస్థానం అమెరికాను తప్పుపట్టింది. అమెరికా అంతకుముందే విచారణ నుంచి తప్పుకుంది కాబట్టి అనవసరంగా నొచ్చుకోలేదు. తీర్పు అమలు చేయించమని నికరాగువా భద్రతామండలి తలుపు తట్టింది. తలుపు తీసింది అమెరికా వీటో. చైనా ఇంకా పొదుపరి. దక్షిణ చైనా సముద్రం కేసులో 2016లో ఫిలిప్పీన్స్ గెలిస్తే, ఆ తీర్పే చెల్లదని ఒక్క మాటతో తేల్చేసింది.

నాకు మరీ ముచ్చటేసేది అణ్వస్త్రవ్యాప్తి నిరోధక ఒప్పందం. 1967 జనవరి 1కి ముందు బాంబు పేల్చినవారు బాధ్యత తెలిసినవారు. ఆ తర్వాత పేల్చినవారు మానవాళికి ముప్పు. ముహూర్తబలాన్ని ఇంత గట్టిగా నమ్మిన ఒప్పందం మరొకటి లేదు.

ఈ విద్యకు పాత గురువులు ప్రాచీన గ్రీసులోని ఏథెన్స్‌వాళ్లు. క్రీ.పూ. 416లో తమకు లొంగిపొమ్మంటే మెలోస్ అనే చిన్న ద్వీపం న్యాయం గురించి మాట్లాడబోతే, అది సమఉజ్జీల మధ్య ముచ్చటని చెప్పి, మగవాళ్లను చంపి, ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలుగా అమ్మేశారు. పదకొండేళ్లకు ప్రత్యర్థి నగరం స్పార్టా చేతిలో ఏథెన్స్ నౌకాదళం తుడిచిపెట్టుకుపోయింది. కబురు అందిన రాత్రి, మెలోస్‌కు పట్టిన గతే తమకూ పడుతుందని ఊరంతా నిద్రపోలేదట. అంతర్జాతీయ న్యాయం మీద ఏథెన్స్‌కు గురి కుదిరింది బహుశా ఆ రాత్రే.