వైఫై రూటరు గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ వైఫై రూటరు గారి సముఖమునకు,

హాల్లో టీవీకి పైన, రెండు మేకుల మీద కొలువుదీరిన తమరికి, నెలనెలా తమ భత్యం చెల్లించుకుంటున్న చందాదారు నమస్కరించి రాయునది ఏమనగా: ఇక్కడ మేమందరం క్షేమం. తమరూ క్షేమమేనని తమ ముఖాన వెలుగుతున్న పచ్చ లైట్లను చూసి తెలుసుకుంటున్నాము. ఉభయకుశలోపరి.

మొన్న ఆదివారం సాయంత్రం ఆరయింది. న్యూజెర్సీలో పొద్దున్న ఏడున్నర. పదకొండు నెలల మా మనవడు అక్కడ సోఫా అంచు పట్టుకుని నిలబడ్డాడు. "నాన్నా, చూస్తున్నారా, చెయ్యి వదిలేస్తున్నాడు" అంది అమ్మాయి. చూస్తూనే ఉన్నాను. వాడు చెయ్యి వదిలాడు. కుడి కాలు ఎత్తాడు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. బలి చక్రవర్తి నెత్తి కోసం వెతుకుతున్న వామనుడిలా వాడు తెర మీద నిలిచిపోయాడు. వాడి బొజ్జ మీద తమరి చక్రం తిరుగుతోంది.

నేను లేచి తమరిని ఆపి, పది లెక్కపెట్టి, మళ్ళీ వెలిగించాను. ఈలోగా కనీసం సెల్‌ఫోను సిగ్నల్ అయినా దొరుకుతుందేమోనని కిటికీ తలుపు జరిపి చెయ్యి బయటికి చాచాను. నాలుగు నిమిషాలకు తమరికి స్పృహ వచ్చింది. అప్పటికి వాడు నేల మీద చతికిలబడి వాళ్ళ నాన్న చెప్పు నమలుతున్నాడు. "మూడు అడుగులు వేశాడు నాన్నా!" అంది అమ్మాయి. మూడూ వేసేశాడు. నా వంతుకు వచ్చింది గాలిలో ఉన్న ఒక్క పాదం.

దసరా వెళ్ళిన నాటి నుంచీ ఇదే వరస. పగలంతా బుద్ధిగా ఉంటారు. దీపాల వేళకు కన్నుమూస్తారు. రీస్టార్ట్ చేసి, సిగ్నల్ కోసం నేను కిటికీ దగ్గర కాసేపు తపస్సు చేస్తే మళ్ళీ లేస్తారు. రోజూ ఇంతే. ఫోనులో మాత్రం తమరి గీతలు నిండుగానే ఉంటాయి. దుకాణం తెరిచే ఉంటుంది, లోపల సరుకే ఉండదు.

నేనేమీ చేతులు కట్టుకుని కూర్చోలేదు. బ్రౌజరులో 192.168.1.1 కొట్టి తమరి అంతఃపురంలోకి వెళ్ళాను. మా అపార్ట్‌మెంటులో పదిహేడు వైఫైల పేర్లు కనిపించాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకరి కాలు ఒకరు తొక్కకుండా నడిచే దారులు, అంటే ఛానెళ్ళు, మూడే: 1, 6, 11. పదిహేడు కుటుంబాలు మూడు కుళాయిల దగ్గర బిందెలు పెట్టినట్టుంది. తమరిని 11కు మార్చాను. సాయంత్రం పోయారు. వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే డీఎన్‌ఎస్‌ను 8.8.8.8 అని మార్చాను. సాయంత్రం పోయారు. మైక్రోవేవ్ పొయ్యి కూడా దాదాపు అదే పౌనఃపున్యంలో పనిచేస్తుంది కదా అని దాన్ని అనుమానించాను. అయిదు రోజులు మా ఆవిడ సాంబారు గ్యాసు మీదే వేడిచేసింది. ఆ అయిదు సాయంత్రాలూ తమరు పోయారు. సాంబారు మాత్రం బాగుంది.

పడకగది సంగతి ఎత్తదలచుకోలేదు. అయినా ఒక్క మాట. 1895లో కలకత్తా టౌన్‌హాలులో జగదీశ్ చంద్ర బోసు గారు తరంగాలను గోడలు దాటించి అవతల గంట మోగించారు. తమరు ఒక్క తొమ్మిదంగుళాల గోడనూ, దాన్ని ఆనుకున్న ఇనప బీరువానూ దాటి ఒక శుభోదయం బొమ్మ పంపలేరు. ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, లోహం తరంగాలను వెనక్కి కొడుతుందని నాకు తెలుసు. కాబట్టి బీరువాను క్షమించాను.

తమరి యజమానులు ఇచ్చిన మాట కూడా ఉంది: "100 మెగాబిట్ల వరకు". ఆ "వరకు" అన్న ముక్క మీద ఎంత వ్యాపారం నడుస్తోందో! సున్నా కూడా వంద వరకులోనే ఉంది. 2023లో కేంద్ర ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ అని పిలిపించుకోవడానికి కావలసిన కనీస వేగాన్ని 512 కిలోబిట్ల నుంచి 2 మెగాబిట్లకు పెంచింది. సాయంత్రం ఆరు తర్వాత తమరిని ఏమని పిలవాలో మాత్రం చెప్పలేదు.

ఇవన్నీ చిన్న విషయాలు. గురువారం నాటి సంగతి చిన్నది కాదు.

మధ్యాహ్నం రెండుకూ నాలుగుకూ మధ్య మనిషి వస్తాడని సందేశం వచ్చింది. పంటి డాక్టరు దగ్గర వంతు వదులుకున్నాను. భోజనం తర్వాతి కునుకు వదులుకున్నాను. లిఫ్టు చప్పుడైనప్పుడల్లా తలుపు తీశాను. పాలవాడూ, పై అంతస్తు వారి కొరియరూ, ఎవరి ఇంటికో వచ్చిన పెళ్ళి శుభలేఖా అన్నీ నాకు ఎదురయ్యాయి. అయిదవుతుండగా నెట్ కుర్రాడు వచ్చాడు. పాపం, చెమటతో తడిసి ఉన్నాడు. వస్తూనే, "ఎర్ర లైటు వస్తోందా సార్?" అన్నాడు. కస్టమర్ కేర్ అమ్మాయి కూడా ప్రతిసారీ ఇదే అడిగేది. ప్రతిసారీ చెప్పిన జవాబే చెప్పాను: "లేదు బాబూ. అన్నీ పచ్చవే. కొన్ని నిలకడగా, కొన్ని మిణుకుమిణుకుమంటూ."

కుర్రాడు తమరి కింద నిలబడి ఫోనులో వేగం కొలిచాడు. 97. నూటికి తొంభై ఏడు! నా సర్వీసులో ఏ విద్యార్థికీ యూనిట్ పరీక్షలో నేను వేయని మార్కులు. ఇంకోసారి కొలిచాడు. 98. పడకగదిలోకి వెళ్ళి కొలిచాడు. అక్కడ కూడా 31 వచ్చింది. బీరువా కూడా పక్కకు తప్పుకుని దారి ఇచ్చిందేమో మరి. "చూశారుగా సార్, ఏ ఇబ్బందీ లేదు. ఓటీపీ వచ్చి ఉంటుంది, చెప్పండి, ఫిర్యాదు మూసేస్తాను" అన్నాడు.

ఓటీపీ చెప్పాను. ఒక్కొక్క అంకే చదువుతుంటే, దొంగ ఇంట్లోనే ఉండగా ఇంట్లో దొంగ లేడని స్టేషన్లో సంతకం చేస్తున్నట్టు అనిపించింది. కుర్రాడు కాఫీ తాగి, మా ఆవిడతో వాళ్ళ ఊరి సంగతులు రెండు చెప్పి, దిగి వెళ్ళాడు. సంధ్య వేళ అవుతోంది కదా, మా ఆవిడ దోమలకు భయపడి కిటికీలు మూస్తూ వచ్చింది. కింద కుర్రాడి బండి ఇంకా స్టార్ట్ కాలేదు. కిక్ కొడుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. తమరు పోయారు.

ఇక మీరూ గీరూ అనడం నా వల్ల కాదు.

ఏమనుకుంటున్నావు నువ్వు? పరాయివాళ్ళ ముందు అంత పొందిక, మా ముందు ఇంత నాటకమా? పన్ను నొప్పి డాక్టరు గడప తొక్కగానే మాయమైనట్టు, మామూలు రోజుల్లో పాఠం అప్పజెప్పని వెధవ ఇన్‌స్పెక్షన్ నాడు గడగడా చదివినట్టు, ఆ కుర్రాడి ముందు 98 ఇచ్చి నా ముందు సున్నా ఇస్తావా? నేను అబద్ధాలకోరునయ్యాను. పని లేక ఫిర్యాదులు చేసే రిటైరు ముసలాయనగా కంపెనీ రికార్డుల్లోకి ఎక్కాను. "మీ సమస్య పరిష్కరించబడింది" అని నాకు సందేశం వచ్చింది, తెలుసా? అది కూడా వెంటనే రాలేదు. నెట్ లేదుగా! మామూలు ఎస్సెమ్మెస్‌గా వచ్చింది. అప్పుడు కూడా నీ ముఖాన పచ్చ లైట్లే! ఒక్క లైటైనా ఎర్రబడడానికి నీకు సిగ్గు లేదా? తప్పు చేసిన పిల్లవాడికి చెవులైనా ఎర్రబడతాయి. నీకు అవి కూడా లేవు. యాంటెన్నాలు రెండున్నాయి, పట్టుకుని మెలిపెడదామా అని నిజంగానే స్టూలు ఎక్కాను.

స్టూలు ఎక్కినప్పుడే మా ఆవిడ హాల్లో లైటు ఆర్పింది. బాల్కనీలో కార్తీక దీపాలు పెట్టిందట, చూడటానికి బాగుంటుందని. చీకట్లో నా ముక్కుకు జానెడు దూరంలో నువ్వు. నీ ముఖాన మూడు పచ్చ చుక్కలు. వాటి పక్కన దసరా నాడు ఆయుధపూజకు మా ఆవిడ పెట్టిన కుంకుమ బొట్టు. మిక్సీకి, కుట్టుమిషనుకు, నా పాత స్కూటరుకు పెట్టినట్టే నీకూ పెట్టింది. తడి కుంకుమ ఎండి బిళ్ళ కట్టింది. ఆ బొట్టు అంచు చుట్టూ సన్నగా ఎర్రటి వెలుగు. ఒకసారి వెలిగి, ఆరి, మళ్ళీ వెలుగుతోంది.

మా ఆవిడ కూడా చూసింది. "అమ్మవారు!" అని చేతులు జోడించింది. ఇంద్రకీలాద్రికి నాలుగు కిలోమీటర్లలో ఉన్నవాళ్ళం, అలా అనుకోవడంలో తప్పేమీ లేదు.

నేను గోటితో బొట్టు గీకాను. కింద ఎర్ర లైటు. దాని పక్కన చీమ తలకాయంత అక్షరాలు, ఎల్ ఓ ఎస్. లాస్ ఆఫ్ సిగ్నల్, అంటే తీగలోంచి సిగ్నల్ అందడం లేదని. నెల రోజుల పైగా నువ్వు రోజూ సాయంత్రం ఆరింటికి ఎర్రబడుతూనే ఉన్నావు. బొట్టు చాటున.

కుర్రాడికి ఫోను చేశాను. ఫిర్యాదు మూసేశారు కాబట్టి కంపెనీ లెక్కలో అతను మళ్ళీ మా ఇంటికి రావలసిన పని లేదు. అయినా ఇంటికి పోతూ పోతూ ఆగాడు. "లాస్ లైటా? ముందే చెప్పాల్సింది సార్" అన్నాడు. లాస్ ఎవరిదో అతనికేం తెలుసు? నీ వెనక నుంచి ఫైబరు తీగ ఊడదీసి, అందులో వెలుగు ఎంత వస్తోందో కొలిచే మీటరు పెట్టాడు. మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గినట్టు. మైనస్ 30 దాటిపోయింది. మైనస్ 27 దాటితేనే నీకు చూపు ఆనదట. తర్వాత కలంలాంటి ఎర్ర లేజరు దీపం ఒకటి తీసి, తీగ కొసకు తగిలించి, "లైటు మళ్ళీ ఆర్పండి అమ్మా" అన్నాడు.

తెల్లటి తీగ గోడ వెంట చీకట్లో కనిపించకుండా సాగింది. కిటికీ దగ్గర మాత్రం, అల్యూమినియం తలుపు జారే గాడిలో, నిప్పుకణికలా ఎర్రగా మెరిసింది. కుర్రాడు తలుపు కాస్త జరిపాడు. కణిక ఆరిపోయింది. మూశాడు. వెలిగింది. మళ్ళీ తెరిచి మీటరు పెట్టాడు. మైనస్ 19.

గాజుపోగు లోపల వెలుగు నడిచే దారి తొమ్మిది మైక్రాన్లు. వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం. వంగిన గాజుపోగుల గుండా కూడా వెలుగును నడిపించవచ్చని మన నరీందర్ సింగ్ కపానీ 1954లోనే చూపించారు. కానీ మరీ మెలిపెడితే వెలుగు, గోడకు తగిలి లోపలికే తిరిగి రావడానికి కావలసిన సందిగ్ధ కోణం తప్పి, గోడలోంచి బయటికి కారిపోతుంది. సంపూర్ణాంతర పరావర్తనం, ఇంటర్ రెండో సంవత్సరం, కిరణ దృశాశాస్త్రం పాఠం. నల్లబల్ల మీద ఎన్ని వందల సార్లు గీశానో ఆ బొమ్మ.

దసరాకు ఇల్లు దులిపినప్పుడు, కిటికీ మూలన వేలాడుతున్న తీగ అసహ్యంగా ఉందని, దాన్ని చక్కగా ఆ గాడిలోకి సర్దింది నేనే. దోమల వేళకు తలుపు మూసినప్పుడల్లా నీ పీక నొక్కాను. సిగ్నల్ కోసం తెరిచినప్పుడల్లా వదిలాను. లేచింది రీస్టార్ట్ వల్ల అనుకున్నాను.

క్షమాపణ చెబుతానని ఎదురుచూడకు. పడకగది ఇంకా అలాగే ఉంది. "వరకు" ఇంకా అలాగే ఉంది. ఆ ముళ్ళంత అక్షరాలను కాస్త పెద్దవిగా రాయించుకుని ఉంటే ఇంతదూరం వచ్చేది కాదు. నిన్న మా ఆవిడ మళ్ళీ బొట్టు పెట్టింది. ఈసారి నేను చూపించిన చోట, కుడి చివర, లైట్లకు దూరంగా. యాంటెన్నాల మీది దుమ్ము కూడా తుడిచాను. అది నీ కోసం కాదు, స్టూలు ఎలాగూ వేశాం కదా అని.

తీగ మార్చాలంటే కొత్త ఫిర్యాదు పెట్టాలట, అంటే ఇంకో మధ్యాహ్నం. అప్పటిదాకా కిటికీ తలుపు పూర్తిగా మూసుకోకుండా గాడిలో ఒక చెక్కముక్క అడ్డం పెట్టాను. రెండు వేళ్ళ సందు. విజయవాడ దోమలకు అది సింహద్వారం.

ఈ ఆదివారం ఆరింటికి కాళ్ళకు ఓడోమాస్ రాసుకుని కూర్చున్నాను. నువ్వు ఒక్క క్షణం కూడా ఆగలేదు. ముప్పావు గంట సేపు చక్రం తిరగలేదు. వారం రోజుల్లో మనవడికి నడక మీద మోజు తీరిపోయింది, ఇప్పుడు పరుగే. అమ్మాయి ఫోను బల్ల మీద ఆనించి వాడి వెనక పరిగెత్తింది. అవతలి గదిలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. నాకు మాత్రం న్యూజెర్సీలో వాళ్ళ వంటింటి గోడ, దానికున్న స్విచ్‌బోర్డు కనిపిస్తున్నాయి. స్విచ్‌బోర్డు మరలు రెండూ లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉంది.

ఇట్లు,
కిటికీ దగ్గర గోక్కుంటూ,
తమ చందాదారు