చెరువుల ఆఫీసులో నాట్, బ్రిడ్జి వాదం

(భీమవరం దగ్గర రొయ్యల చెరువుల ఆఫీసు. ఉన్నది ఒకే కంప్యూటర్. లినక్స్, అందులోని కేవీఎం మీద మూడు వర్చువల్ మెషిన్లు, అంటే ఒకే కంప్యూటర్ లోపల విడి కంప్యూటర్లలా పనిచేసేవి, నడవాలి: సెన్సార్ల రీడింగులకు ఒకటి, కెమెరాల రికార్డింగుకు ఒకటి, ఖాతా లెక్కలకు ఒకటి. వీటికి నెట్‌వర్క్ ఎలా ఇవ్వాలన్న దగ్గర అక్కాతమ్ముళ్లకు పడలేదు.)

తమ్ముడు: మూడింటినీ బ్రిడ్జికి కలిపేద్దాం అక్కా, ఆఫీసు నెట్‌వర్క్‌లో మామూలు కంప్యూటర్లలాగే ఉంటాయి. రూటర్ ఒక్కోదానికి ఒక్కో చిరునామా ఇస్తుంది, ఆఫీసులో ఎవరికైనా నేరుగా అందుతాయి. నువ్వు పట్టుబడుతున్న నాట్ మెషిన్లను ఈ కంప్యూటర్ చిరునామా వెనుక దాచేస్తుంది, దానితో చెరువుగట్టు మీది సెన్సారు ఒక్క రీడింగు కూడా లోపలికి పంపలేకపోతుంది.

అక్క: వర్చువల్ మెషిన్లను నడిపించే లిబ్‌వర్ట్ మామూలుగా ఇచ్చే డిఫాల్ట్ నెట్‌వర్క్ నాటే కదా. 192.168.122తో మొదలయ్యే చిరునామాలు అదే పంచుతుంది. నరసాపురం వైపు మురుగు కాలువల చివర తలుపులు చూశావుగా! లోపలి నీరు సముద్రంలోకి పోతుంది, పోటు సమయంలో ఉప్పునీరు వెనక్కి ఎక్కదు. లెక్కలున్న మెషిన్‌కు నాకు కావలసింది అదే. సెన్సార్ల కోసం ఒక్క పోర్టు, అంటే లోపలికి ఒక్క దారి, తెరుద్దాం.

తమ్ముడు: ఆ పోలిక సగమే నిజం. బయటివాళ్లను ఆపుతుంది సరే, లోపలి మెషిన్‌ను ఎవరు ఆపుతారు? కెమెరా మెషిన్‌లో వైరస్ దూరితే, నాట్ వెనుక నుంచే అది మన రూటర్‌ను, నాన్న ల్యాప్‌టాప్‌ను చేరగలదు. పైగా మూడూ డిఫాల్ట్ నెట్‌వర్క్‌లోనే ఉంటే ఒకదానికొకటి కనిపిస్తాయి. లెక్కలకు అది రక్షణ ఎలా అవుతుంది?

అక్క: ఈ మాటకు నా దగ్గర ఎదురు లేదు. కానీ బ్రిడ్జిలో పెడితే అవి ఇంకా ఎక్కువమందికి కనిపిస్తాయి. లెక్కల మెషిన్‌కు విడిగా ఒక నెట్‌వర్క్ కడదాం. దాని నిర్వచనంలో, ట్రాఫిక్‌ను బయటికి పంపే ఫార్వర్డ్ పంక్తి రాయకపోతే అది బయటి ప్రపంచంతో సంబంధం లేనిదవుతుంది. హోస్ట్ నుంచి, అంటే ఈ అసలు కంప్యూటర్ నుంచి, మాత్రం చేరుకోవచ్చు.

తమ్ముడు: మరి సెన్సార్ల రీడింగులు రోజూ ఆ లెక్కల్లో చేరాలిగా?

అక్క: సెన్సార్ మెషిన్‌కు రెండు నెట్‌వర్క్ కార్డులు ఇస్తాను. ఒకటి బయటికి, రెండోది ఈ విడి నెట్‌వర్క్‌కు. ఒకదాని నుంచి రెండోదానికి ట్రాఫిక్‌ను దాటించే ఐపీ ఫార్వర్డింగ్ ఆపేసి, లెక్కల వైపు డేటాబేస్ పోర్టు ఒక్కటే తెరుస్తాను.

తమ్ముడు: అయితే ఆ బయటి కార్డు బ్రిడ్జి మీదే ఉండాలి, ఇక్కడ నేను తగ్గను. నాట్‌లో లోపలికి పోర్టు తెరవాలంటే ఫైర్‌వాల్ నియమాలు మనమే రాసుకోవాలి, నెట్‌వర్క్ మళ్లీ మొదలైన ప్రతిసారీ అవి అమలయ్యేలా స్క్రిప్టు కూడా పెట్టాలి. చెరువులో ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామునే. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి వచ్చి, ఆ స్క్రిప్టు నడవకపోతే ఏరేటర్లు వేయమని ఎవరు హెచ్చరిస్తారు? పంట పోతుందక్కా.

అక్క: సరే, దానికి బ్రిడ్జే. కానీ ఈ కంప్యూటర్ ఇప్పుడు వైఫై మీద ఉంది. తనతో నమోదైన మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) నుంచి వచ్చే డేటా ఫ్రేములనే వైఫై యాక్సెస్ పాయింట్ మామూలుగా ఒప్పుకుంటుంది. వర్చువల్ మెషిన్‌ది వేరే చిరునామా కాబట్టి అక్కడే ఆగిపోతుంది. ముందు రూటర్ నుంచి కేబుల్ లాగు. బ్రిడ్జి కట్టేటప్పుడు ఇక్కడే కూర్చో. హోస్ట్ ఐపీ చిరునామా కార్డు మీద నుంచి బ్రిడ్జి మీదికి మారాలి. దూరం నుంచి చేస్తే మధ్యలో కనెక్షన్ తెగిపోతుంది. ఇంకొకటి, విడి నెట్‌వర్క్‌కు ఆటోస్టార్ట్ పెట్టడం మరిచిపోకు. కంప్యూటర్ మళ్లీ మొదలయ్యాక అది లేవకపోతే లెక్కల మెషిన్ కూడా లేవదు.

తమ్ముడు: కెమెరా మెషిన్ మాటేమిటి?

అక్క: సంభాషణ మొదలుపెట్టేది ఎవరో చూడు. రికార్డరే కెమెరా దగ్గరికి వెళ్లి దృశ్యం తెచ్చుకుంటుంది. నాట్ చాలు.

తమ్ముడు: నాన్న ఫోన్లో చూడాలంటే ముందు పలకరించేది ఫోనే కదా!

అక్క: హోస్ట్ మీద మధ్యవర్తిగా ఒక ప్రాక్సీ పెడతాను.

తమ్ముడు: హోస్ట్ మీద అదనపు సేవ ఒక్కటి కూడా వద్దు. అందులోకి ఎవరైనా దూరితే మూడు మెషిన్లూ వాళ్ల చేతికే చిక్కుతాయి. నువ్వు కట్టిన విడి నెట్‌వర్క్ కూడా అప్పుడు కాపాడలేదు.

అక్క: అలాగైతే ఆ రికార్డింగులు ఆఫీసు బయట నిజంగా చూస్తారో లేదో ముందు నాన్ననే అడుగుదాం. చూడరంటే ఆ మెషిన్‌కు లోపలికి దారే తెరవక్కర్లేదు.