ఆ ఎఫ్1 ఫార్వర్డు ఇంకోసారి పంపేవాళ్ళకి

నిన్నటితో ఐదోసారి. మొదట కాలేజీ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, ఆనక బైకుల గ్రూపులో, ఆనక మా మామ నాకు విడిగా పంపించినాడు, అదీ చాలదన్నట్టు నిన్న పొద్దున తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగతా ఉంటే ఒకాయన ఫోన్ నా మొహం ముందర పెట్టి "ఇది చూసినావా అన్నా, కరెక్టుగా రాసినాడు" అన్నాడు. ఏం కరెక్టు సామీ? టీ చల్లారిపోయింది కానీ నాకు కోపం చల్లారలా.

ఇంకా చూడనోళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. పైన పసుప్పచ్చ హెల్మెట్‌తో పాతకాలం రేసు డ్రైవర్ సెన్నా ఫోటో, కింద "నిజమైన ఫార్ములా వన్ 2005లోనే చచ్చిపోయింది" అని ఎర్రక్షరాలు. దాని కింద ఆరు పాయింట్లు: వీ10 (పది సిలిండర్ల ఇంజన్) సౌండ్ పోయింది, ఇప్పుడు కంప్యూటరే నడుపుతుంది డ్రైవర్ బొమ్మ, డీఆర్ఎస్‌తో (కారు వెనక రెక్క తెరిచి స్పీడు పెంచే ఏర్పాటు) దొంగ ఓవర్‌టేకులు, ఎప్పుడూ ఒకే టీమ్ గెలుస్తుంది, గ్రిడ్ గర్ల్స్‌ని (రేసు ముందర కార్ల పక్కన నిలబడే అమ్మాయిల్ని) తీసేసినారు, ఇంక ఆఖర్న పెద్ద బాంబు: "కారు మీద ఆ హాలో గొడుగు పెట్టి మగతనం తీసేశారు, చావు భయం లేని రేసు రేసే కాదు." దాని పక్కన పిడికిలి బొమ్మలు నాలుగు. హాలో అంటే డ్రైవర్ తల చుట్టూ పెట్టే ఇనప చట్రం లాంటిది.

గ్రిడ్ గర్ల్స్ సంగతి ముందు తేల్చేస్తా. 2018లో తీసేసినారు. కారు రొంత కూడా స్లో కాలేదు. అయిపోయింది, తర్వాతది.

కంప్యూటర్ నడుపుతుందంట. ఈ మాట రాసినాయన మీద నాకు కోపం కంటే జాలి జాస్తి, ఎందుకంటే ఆయన ఏ కాలాన్ని నెత్తిన పెట్టుకోని ఊరేగతా ఉండాడో ఆ కాలంలోనే కార్లో కంప్యూటర్ అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది. 1992 విలియమ్స్ టీమ్ కార్లో యాక్టివ్ సస్పెన్షన్, రోడ్డుని బట్టి కారే తనంతట తాను లేచేది, కూర్చునేది. 1993 విలియమ్స్‌లో అది కాక ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ కూడా. ఇవన్నీ 1994లో బ్యాన్ చేసినారు. మళ్ళీ 2001లో ట్రాక్షన్ కంట్రోల్‌కి గేట్లు తెరిచినారు, 2007 దాకా ఉండింది. అంటే నువ్వు కన్నీళ్ళు పెట్టుకుంటా ఉండే ఆ 2004 వీ10 కార్లో యాక్సిలరేటర్ మితిమీరి తొక్కినా చక్రం జారకుండా సాఫ్ట్‌వేర్ కాసుకోనుండేది మామా! ఇప్పటి కార్లో అది లేదు, తడి ట్రాక్ మీద కుడికాలు ఒక్క రవ్వ తేడా వస్తే కారు గిరగిరా తిరగాల్సిందే. రేడియోలో ఇంజనీర్లు మరీ జాస్తిగా వాగుతారు, టైర్ కాపాడుకో, ఇంధనం కాపాడుకో అని, అది నాకూ చిరాకే, ఒప్పుకుంటా. కానీ చెవిలో చెప్పేది వేరే, చేత్తో నడిపేది వేరే. వెనక సీట్లో మా అమ్మ "మెల్లగా పో నాయనా" అంటా ఉంటే కారు మా అమ్మ నడిపినట్టా?

డీఆర్ఎస్ సంగతి. ఈ పాయింట్ డేట్ అయిపోయిన మందు. 2011లో వచ్చింది, 2026 రూల్స్‌తో పోయింది. పంపించే ముందు ఎక్స్‌పైరీ చూసుకోవద్దా? దాని బదులు ఇప్పుడు ముందు కారుకి ఒక్క సెకను లోపల ఉండేవాడికి కరెంటు పవర్ ఎగస్ట్రా ఇస్తారు, పేరు మార్చి అదే సాంబారు పోసినట్టుండాది, దాని మీద తిట్టుకోవాలంటే తిట్టుకో, నేనూ వస్తా. కానీ "అప్పట్లో ఓవర్‌టేకులన్నీ నిజం" అంటే మాత్రం నవ్వొస్తుంది. 1994 నుంచి 2009 దాకా రేసు మధ్యలో పెట్రోల్ పోసుకునేవాళ్ళు, సగం ఓవర్‌టేకులు పిట్ లేన్లోనే (టైర్లు మార్చి పెట్రోల్ పోసే చోట) అయిపోయేవి. 2004 ఫ్రాన్స్ రేసులో షుమాకర్ నాలుగుసార్లు పిట్‌లోకి వచ్చి అలోన్సో మీద గెలిచినాడు. లెక్కల పరంగా అద్భుతం, కాదన్ను. కానీ ట్రాక్ మీద ఢీ అంటే ఢీ చూద్దామని కూర్చున్నోడికి బంకు కాడ క్యూ చూసినట్టే. నిజంగా చక్రానికి చక్రం ఆనించి కొట్టుకోవడం చూడాలంటే మన పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి పోండి. నేషనల్ ఛాంపియన్‌షిప్ రోజు చిన్న ఫార్ములా కార్లు ఒకదాని తోకలో ఒకటి దూరి స్లిప్‌స్ట్రీమ్‌లో, అంటే ముందు కారు గాలి చాటున, పోతా ఉంటాయి, ఆరు కార్లు కలిసి మూల తిరగతాయి, అదీ రేసంటే. పిలిస్తే ఈ ఫార్వర్డు వీరులు ఒక్కరూ రారు, ఎండంట.

ఒకే టీమ్ గెలుస్తుందంట. 1988లో 16 రేసుల్లో 15 మెక్‌లారెనే గెలిచింది, అందులో ఒక కార్లో ఉండింది నీ ఫోటోలో పసుప్పచ్చ హెల్మెట్ ఆయనే. 2002లో 17కి 15 ఫెరారీ. అదే ఏడాది ఆస్ట్రియాలో గెలుస్తా ఉండిన బారికెల్లో టీమ్ మాట విని ఫినిష్ లైన్ ముందర స్లో చేసి అదే టీమ్‌లో ఉండే షుమాకర్‌ని ముందుకి పంపితే స్టాండ్లలో జనం ఛీ కొట్టినారు. అదేనా స్వర్ణయుగం? 2023లో రెడ్‌బుల్ 22కి 21 గెలిచింది, అది కూడా నిద్రొచ్చే సంవత్సరమే, నేను దాచను. కానీ ఆ మరుసటేడు ఏడుగురు వేరే వేరే డ్రైవర్లు గెలిచినారు, 2025 టైటిల్ ఆఖరి రేసు దాకా పోయి నోరిస్ రెండే రెండు పాయింట్ల తేడాతో వెర్‌స్టాపెన్ మీద గెలిచినాడు. 2021 నుంచి ఖర్చుకి సీలింగ్ పెట్టినారు కదా, డబ్బున్నోడు కుమ్మరించేది రొంత తగ్గింది.

ఇప్పుడు అసలు సంగతి. చావు భయం, మగతనం, గొడుగు.

దీనికి ఇంత ఎందుకు రాస్తున్నానంటే బైకుల గ్రూపులో ఈ ఫార్వర్డు కింద ఇరవై ఏళ్ళ పిల్లోడు ఒకడు "అందుకే అన్నా నేను హెల్మెట్ పెట్టేది లే" అని పెట్టినాడు, దానికి పదకొండు మంది నవ్వే బొమ్మలు కొట్టినారు. ఆ పిల్లోడు రోజూ కరకంబాడి రోడ్డులో బండి మీద పోతాడు. నాకు నవ్వు రాలా.

ముందు నా తప్పు చెప్పుకుంటా. 2018లో హాలో వచ్చినప్పుడు "కారుకి హవాయి చెప్పు తగిలించినారు" అని ఇదే గ్రూపులో మీమ్ పెట్టింది నేనే. ఇప్పుడు కూడా అది అందంగా ఉండాదని నేను అనను. కానీ 2020 నవంబర్ 29, బహ్రెయిన్, మొదటి ల్యాపు. ఆ పొద్దు నేను టీవీ ముందర చపాతి తుంచతా ఉండా. గ్రోజాన్ అనే డ్రైవర్ కారు పక్కకి తిరిగి రెయిలింగ్‌ని గుద్దింది, కారు రెండు ముక్కలైంది, ముందు సగం రెయిలింగ్ ఇనప పట్టీల మధ్యలో దూరిపోయింది, పెద్ద మంట లేచింది. 67జీ దెబ్బ, అంటే ఒంటి బరువు 67 రెట్లైనట్టు. 27 సెకన్లు లోపలే ఉండాడు. నువ్వు ఇప్పుడు వాచీ చూసి 27 లెక్కపెట్టు మామా, ఊరికే, మంట లేకుండానే. అన్నన్ని సెకన్ల తర్వాత మంటలోంచి ఒక మనిషి రెయిలింగ్ మీద చెయ్యేసి లేచినాడు, ఒక కాలికి బూటు లేదు, అది లోపలే ఇరుక్కుపోయింది. చేతులు కాలినాయి, మనిషి బతికినాడు. ఆ ఇనప పట్టీలు తలకాయ ఎత్తులో ఉండాయి. వాటిని పక్కకి తోసింది ఆ గొడుగే. ఏడు కేజీల టైటానియం, సుమారు మన సప్తగిరి బస్సంత బరువు మీద పడినా ఓర్చుకుంటుంది. హాలో వద్దని ముందు వాదించినోళ్ళలో ఆ గ్రోజాన్ కూడా ఉండాడు, ఆస్పత్రి మంచం మీద నుంచే "దాని వల్లనే మీతో మాట్లాడతా ఉండా" అనే అర్థంలో చెప్పినాడు. మరుసటేడు మోంజాలో వెర్‌స్టాపెన్ కారు చక్రం హామిల్టన్ నెత్తి మీదికొచ్చి కూర్చుంది. 2022 సిల్వర్‌స్టోన్‌లో జో గ్వాన్యూ కారు తిరగబడి, తల వెనక కాపాడే కమ్మీ (రోల్ హూప్) విరిగిపోయి, కంకర మీద తలకిందులుగా జారుకుంటా పోయింది. ముగ్గురూ ఇంటికి పోయినారు. వీళ్ళకి మగతనం తగ్గిందని ఎవరైనా మొహం మీద చెప్పండి చూద్దాం.

గొడుగు లేనోళ్ళ సంగతి కూడా చెప్పాల కదా. 2009 జూలైలో హెన్రీ సర్టీస్ అనే 18 ఏళ్ళ పిల్లోడు, వాళ్ళ నాయన జాన్ సర్టీస్ మాజీ ప్రపంచ ఛాంపియన్, ఫార్ములా టూ రేసులో వేరే కారు నుంచి ఊడొచ్చిన చక్రం తలకి తగిలి చనిపోయినాడు. వాడి తప్పేమీ లేదు, వాడి ధైర్యానికి ఆ చక్రంతో సంబంధమే లేదు. ఎగిరొచ్చే చక్రానికి నువ్వు మగాడివా కాదా అని తెలస్తుందా?

ఇంక ఆ ఫార్వర్డులో "లాడాని చూడండి, కాలిన మొహంతో ఆరు వారాల్లో తిరిగొచ్చాడు" అని ఒక లైను. 1976లో రేసులో కారు మంటల్లో కాలిన నికీ లాడా అనే డ్రైవర్ సంగతి అది. వచ్చినాడు, నిజం, దండం పెట్టాల్సిందే. అదే లాడా అదే 1976లో ఫూజీలో వాన కుమ్మతా ఉంటే రెండు ల్యాపులు తిప్పి, ఇది నడిపే వాన కాదని కారు పక్కన పెట్టేసినాడు, ఒక్క పాయింట్‌తో టైటిల్ జేమ్స్ హంట్ అనే డ్రైవర్‌కి పోయింది. ఆ లైను ఫార్వర్డులో ఎందుకు లేదు? జాకీ స్టువార్ట్ అనే డ్రైవర్ 1966లో బెల్జియం స్పా ట్రాక్‌లో కార్లో ఇరుక్కోని, ఒళ్ళంతా పెట్రోల్ తడిసి, ఎవరో స్పానర్ తెస్తే గానీ బయటికి రాలేకపోయినాడు, ఆనక సీట్ బెల్టులు, రెయిలింగులు, డాక్టర్లు కావాలని కొట్లాడినాడు. అప్పుడు కూడా ఆయన్ని పిరికోడన్నారు. మూడుసార్లు ఛాంపియన్ అయినాడు ఆ పిరికోడు. 1973 జాండ్‌వోర్ట్ రేసులో విలియమ్సన్ అనే డ్రైవర్ కారు తిరగబడి మంట అంటుకుంటే పర్లీ అనే ఇంకో డ్రైవర్ సొంత కారు ఆపి ఒక్కడే దాన్ని లేపాలని చూసినాడు. పక్కనుండే మార్షల్స్‌కి (ట్రాక్ కాపలా సిబ్బందికి) మంట తట్టుకునే బట్టలు లేవు, ఎవరూ దగ్గరికి పోలా, రేసు ఆపనే ఆపలా, మిగతా కార్లు ఆ పొగ పక్కనుంచే తిరగతానే ఉండాయి. ఈ ఫార్వర్డు రాసినాయనకి కావాల్సిన రేసు అదైతే, ఆయన నాతో టీవీ చూడాల్సిన పని లేదు.

ఇంక సెన్నా. ఆ ఫోటో పెట్టే హక్కు మీకు ఎవరిచ్చినారు? 1992లో స్పా ప్రాక్టీస్‌లో కోమాస్ అనే డ్రైవర్ కారు గుద్దుకోని ట్రాక్ మధ్యలో ఆగిపోతే, సెన్నా తన కారు ఆపి, ట్రాక్ మీదే పరిగెత్తుకుంటా పోయి దాని ఇంజన్ ఆపినాడు, కోమాస్ తలకాయ కదలకుండా పట్టుకున్నాడు. 1994 ఇమోలా రేసుకి ముందురోజు ఆస్ట్రియా డ్రైవర్ రాట్జెన్‌బర్గర్ చనిపోతే, గెలిచినాక ఊపాలని ఆస్ట్రియా జెండా కార్లో మడిచి పెట్టుకున్నాడు. ఆ రేసులోనే సెన్నా కూడా పోయినాడు, జెండా కార్లో దొరికింది. అట్లాంటి మనిషి ఫోటో పైన పెట్టి కింద "చావు భయం ఉంటేనే రేసు" అని రాయడానికి చేతులెట్లా వచ్చినాయి? మన తిరుమల ఘాట్‌లో టైమ్ చూసి, మరీ తొందరగా దిగితే ఆపుతారు కదా, అక్కడ కూడా "మగతనం తీసేశారు గోవిందా" అని ఒక ఫార్వర్డు పెట్టండి, అలిపిరిలో అంటిస్తా.

సరే. ఇంక మిగిలింది మొదటి పాయింట్, కావాలనే ఆఖరికి పెట్టినా.

సౌండ్ పోయింది. పోయింది మామా. ఇందులో నీతో నాకు గొడవ లేదు.

2013 అక్టోబర్‌లో నేనూ మా ఫ్రెండ్స్ ఇద్దరూ తిరుపతిలో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ పోయి, గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్‌కి పోయినాం. అది మన దేశంలో జరిగిన మూడో రేసు, ఇప్పటికి అదే ఆఖరిది, ఆనక ట్యాక్సుల గొడవలతో పోయింది. వీ10లు కూడా కాదు, వీ8లు, వాటికీ అదే ఆఖరి సంవత్సరం. చీపు టికెట్, దూరం స్టాండు, కార్లు ఇంకా కనపడకముందే సౌండ్ వచ్చింది. చెవిలోకి కాదబ్బా, ఎదురొమ్ములోకి. కూర్చున్న ఇనప బెంచీ గజగజలాడింది, చేతిలో వాటర్ బాటిల్‌లో నీళ్ళు కదలడం నా కళ్ళతో చూసినా. గేరు దించినప్పుడల్లా ఎవరో తుపాకి పేల్చినట్టు పట్‌పట్‌మనేది. మా వాడొకడు చెవుల్లో దూది పెట్టుకోని ఏడస్తా నవ్వినాడు. వెటెల్ అనే డ్రైవర్ ఆ పొద్దే నాలుగో టైటిల్ కొట్టి, కారుని గిర్రున తిప్పి పొగ లేపి, దిగి దాని ముందర మోకాళ్ళ మీద పడి దండం పెట్టినాడు, మేం స్క్రీన్‌లోనే చూసినాం, దానికి 25,000 యూరోల ఫైన్ కూడా పడింది. గుళ్ళోంచి వచ్చినోళ్ళం కదా, మాకు ఆ సాష్టాంగం తేడాగా అనిపించలా.

ఇప్పటి ఇంజన్ లీటరున్నర పైన రొంత, వీ6, దాంట్లో కరెంటు భాగం 2026 నుంచి దగ్గర దగ్గర సగం. బ్రేకు తొక్కితే బ్యాటరీ ఎక్కుతుంది, తిరుమల నుంచి దిగే ఎలక్ట్రిక్ బస్సు మాదిరే. ఇంజనీరింగ్‌లో అది గొప్ప పని, నేను రోజంతా దాని మీద చెప్తా. కానీ దాన్ని వింటే నీళ్ళు కదలవు. కార్లు బరువెక్కినాయి కూడా, 2000ల్లో డ్రైవర్‌తో కలిపి సుమారు 600 కేజీలుండేవి 2025కి 800 అయినాయి, 2026లో సుమారు 30 కేజీలు దించినారు, అయినా మొనాకో సందుల్లో లారీలు పోయినట్టే ఉండాది. ఇదంతా నువ్వు రాసుంటే నేనే ముందు షేర్ చేసుండేవాణ్ణి.

ఆ 2013 క్లిప్పు నా పాత ఫోన్లో ఇంకా ఉండాది, నలభై సెకన్లు, సౌండ్ పగిలిపోయి గరగరమంటుంది, మా వాడి నవ్వు కూడా వినపడతుంది. కావాలంటే పంపిస్తా మామా. దాన్ని ఫార్వర్డ్ చేసుకో, ఎన్ని గ్రూపుల్లోకైనా.