అరచేతిలో వైకుంఠం, వీపు మీద సోలార్ బిళ్ళ

గంట కూడా కాలేదు. మా బావ షాపులోకొచ్చి కౌంటర్ అద్దం మీద ఒక నల్ల డబ్బా టక్కున పెట్టాడు. "ఏందిరా ఇది, కొని మూడు రోజులు కాలా, అప్పుడే లావెక్కింది. ఒకసారి చూడు" అన్నాడు. దూడకి కడుపుబ్బరం వస్తే డాక్టరుకి చెప్తారే, అట్టా. నేను చూసి రెండడుగులు వెనక్కేశా. పైమూత లేచిపోయి పక్కన నా చిటికెన వేలు పట్టేంత సందు. ఆ సందులోంచి వెండి రంగు బ్యాటరీ సంచి పూరీలాగా పొంగి కనబడతా ఉంది. దాన్ని ఈయన స్కూటర్ సీటు కింద పడేసి, పెట్రోలు ట్యాంకు పక్కన, రోహిణి కార్తె ఎండలో, ఇందుకూరుపేట నుంచి కోవూరు దాకా తెచ్చాడు. మధ్యలో నెల్లూరులో ఆపి కాఫీ కూడా తాగాడంట. ఉబ్బిన బ్యాటరీ దారిలో అంటుకుంటే? ఎంత ధైర్యం!

సోలార్ పవర్ బ్యాంకు. 20,000 ఎంఏహెచ్, అంటే బ్యాటరీలో పట్టే ఛార్జింగ్ లెక్క. 1,499 రూపాయలు. వెనకాల అరచేయంత నల్ల బిళ్ళ, పక్కన ఒక దిక్సూచి. దిక్సూచి ఎందుకో నాకైతే అర్థం కాలేదు. మా బావది రొయ్యల సాగు. రొయ్యల గుంట కాడ నిలబడి తూర్పు ఎటుందో తెలియనివాడు ఎవడుంటాడు? సముద్రం చప్పుడు వినపడతానే ఉంటది కదా.

నేను సెల్ షాపు పెట్టి పద్నాలుగేళ్ళు. సొంత బావమరిదిని. ఒక్క ఫోను చేసి "ఇది కొనేదా?" అని అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా? అడగరు. వీడియోలో ఎవడో కొండ మీద గుడారం వేసుకుని నవ్వుతా ఉంటే వాడి మాట వేదం. మనం చెప్తే, "వాడి షాపులో అమ్మడు కాబట్టి వద్దంటుండాడు." ఈ మాట మా బావ మా అక్కతో అన్నాడు. మా అక్క నాతో అనింది. రిపేరు షాపులోళ్ళందరికీ తెలుసు ఈ బాధ. కొనేటప్పుడు పనికిరాం, ఉబ్బినప్పుడు మాత్రం చుట్టాలం.

సరే, వచ్చాడు కదా అని టేపు తీసి ఆయన కళ్ళముందే బిళ్ళ కొలిచా. పన్నెండు సెంటీమీటర్లు ఇటు, ఆరున్నర అటు. 78 చదరపు సెంటీమీటర్లు. నడినెత్తిన ఎండ బాగా కాసేటప్పుడు ఒక చదరపు మీటరు మీద పడే ఎండంతా కలిపితే సుమారు 1000 వాట్లు. అంటే ఈ బిళ్ళ మీద సూర్యభగవానుడు తన దగ్గరున్నదంతా కుమ్మరించినా ఎనిమిది వాట్లు లేదు. మంచి ప్యానెల్ అందులో పట్టుకునేది ఐదో వంతు. ఒకటిన్నర వాట్లు అనుకోండి, మొహమాటానికి. అట్ట మీద ఏముందో తెలుసా? "10 వాట్ల ఫాస్ట్ సోలార్". ఆకాశం ఇచ్చిన దానికంటే డబ్బా ఎక్కువ పుట్టిస్తదంట! ఇంక సూర్యుడెందుకు, ఈ డబ్బానే పైన వేలాడదీస్తే పోలా?

ఇంకో లెక్క. 20,000 ఎంఏహెచ్ అంటే 3.7 వోల్టుల దగ్గర 74 వాట్-అవర్లు. ఒకటిన్నర వాటుతో నింపాలంటే యాభై గంటల నిండు ఎండ కావాలి. మన దగ్గర రోజంతా ఎండున్నా, నిండు ఎండ లెక్కన చూస్తే అయిదు గంటలే. మధ్యలో పోయేది పోగా, పది పన్నెండు రోజులు మిద్దె మీద కాకుల కాపలా పెట్టాలి. అదీ నిజంగా లోపల అంత బ్యాటరీ ఉంటే. మూత సందులోంచి టార్చి వేసి చూశా, సంచి మీద 8,000 అని ముద్ర ఉంది. వాళ్ళే వేసుకున్న ముద్ర. అట్ట మీద ఇరవై వేలు, కడుపులో ఎనిమిది వేలు.

మా బావ దీనికి ఏమన్నాడో వినండి. "చంద్రుడి మీద సోలార్ పని చేసిందిరా, నా ఫోనుకి పని చేయదా?"

ఓరి నాయనో. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 విక్రమ్ దిగినప్పుడు టీవీ ముందు అందరం చప్పట్లు కొట్టినాం, నేనూ కొట్టినా. ఆ ల్యాండర్‌కి 738 వాట్లు. పక్కన పాకిన ప్రజ్ఞాన్ రోవర్ బరువు 26 కిలోలు, దానికే 50 వాట్లు. అంత చేసినా అక్కడ పద్నాలుగు రోజుల పగలు అయిపోవస్తా ఉంటే చీకటి పడకముందే నిద్రపుచ్చారు, మళ్ళా లేవలేదు. ఇస్రోవాళ్ళకే చీకట్లో నడవని సోలార్, బావ డబ్బాలో రాత్రిపూట లైటు కూడా ఇస్తదంట. అన్నట్టు ఆ శ్రీహరికోట మన నెల్లూరు జిల్లాదని చిన్నప్పటి నుంచి పరీక్షల్లో రాసుకుంటా వచ్చాం. 2022లో సూళ్ళూరుపేటతో పాటు తిరుపతి జిల్లాలో కలిపేశారు. రాకెట్టు లేచేటప్పుడు ఊరికే తలెత్తి చూడ్డానికి మాత్రం మనం ఉన్నాం. సరే, అది ఇంకో రోజు.

అసలు నాకు మండేది వేరే. ఈ డబ్బాల్లో ఉన్నంత తెలివితక్కువ సంసారం ఇంకోటి లేదు. ప్యానెల్‌కి ఎండ కావాలి. లిథియం బ్యాటరీకి నీడ కావాలి. 45 డిగ్రీలు దాటితే దానికి ఛార్జింగ్ పెట్టకూడదు, ఆ ముక్క బ్యాటరీలు చేసేవాళ్ళే రాస్తారు. మే నెలలో మన మిద్దె గచ్చు మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయగలరా? ఆ గచ్చు మీద నల్లరంగు డబ్బా అరవై డిగ్రీలు ఎక్కుద్ది. రెంటినీ జిగురేసి ఒకదాని వీపుకి ఒకటి అతికించి అమ్ముతుండారు. అగ్గినీ గడ్డివామునీ ఒకే పందిట్లో కట్టేసినట్టు. ఆ ప్యానెల్ కూడా ఎండకి సుఖంగా లేదు. వాళ్ళు రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. వేడి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ అర శాతానికి కాస్త తక్కువగా తగ్గతా పోద్ది. అరవై దగ్గర ఏడో వంతు దాకా గోవింద. ఎండెక్కువైతే సోలార్ ఎక్కువొస్తదని మా బావ రోహిణి కార్తె ముహూర్తం చూసి కొన్నాడు!

మరేం కొనాలి అని కింద కామెంట్లలో అడిగేవాళ్ళు ఉంటారు కాబట్టి ఒకేసారి చెప్తుండా. ప్యానెల్ వేరే, బ్యాటరీ వేరే. పుస్తకంలాగా మడిచే గుడ్డ ప్యానెల్ 20 వాట్లకి తగ్గకుండా తీసుకోండి, అది నిజానికి పన్నెండో పద్నాలుగో ఇస్తది, చాలు. దానికి మామూలు పవర్ బ్యాంకు తగిలించండి. ప్యానెల్ ఎండలో, పవర్ బ్యాంకు దాని వెనక నీడలో. రాత్రికి పవర్ బ్యాంకు నుంచి ఫోనుకి ఎక్కించుకోండి. ఫోనునే నేరుగా ప్యానెల్‌కి పెడితే ఒక మబ్బు తునక అడ్డమొచ్చి పోయేసరికి ఛార్జింగ్ ఆగిపోద్ది. కొన్ని ప్యానెళ్ళు తిరిగి వాటంతటవే అందుకుంటాయి, కొన్ని అలిగి కూర్చుంటాయి. పీకి మళ్ళా గుచ్చాల్సిందే. పవర్ బ్యాంకు మీద బీఐఎస్ (మన దేశ ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు చూడండి, అది లేకుండా మన దేశంలో అమ్మకూడదు. 'రేటెడ్ కెపాసిటీ' అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటది, ఇరవై వేల దానికి పన్నెండు వేలు అటూ ఇటూ. బయటికొచ్చేది అంతే. ప్యానెల్ దక్షిణం వైపు కాస్త వాల్చి పెట్టండి. కారు అద్దం లోపల, కిటికీ అద్దం వెనక పెట్టి "ఎక్కట్లేదన్నా" అని నా దగ్గరికి రావద్దు. మూడు వందలకి యూఎస్‌బీ మీటరు దొరుకుద్ది, మధ్యలో గుచ్చి చూసుకుంటే ఎవడు అబద్ధమో మీకే తెలుస్తది.

ఇంకా నయం, "అసలు మనకెందుకు సోలారు?" అని ఎవరూ అడగలేదు. ముత్తుకూరు పక్కన నేలటూరు థర్మల్ కరెంటు కేంద్రంలో 800 మెగావాట్లవి మూడు యూనిట్లు, మొత్తం 2400. ఆ పొగగొట్టాలు చూసుకుంటా మా బావ గుంటల కాడ రాత్రి కరెంటు పోతే డీజిల్ ఇంజను తాడు లాగతా ఉంటాడు. రొయ్యకి గాలి ఆడకపోతే తెల్లారేసరికి పంట పోద్ది, కాబట్టి నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్లకి ఇంజను ఉండాల్సిందే. కాపలా గుడిసెలో ఫోనుకీ టార్చికీ మాత్రం ఏమీ ఉండదు. కాబట్టి సోలార్ కావాలి, నేను కాదనలా. ఆ మాట అందరికంటే ముందు చెప్పింది నేనే!

అక్కడికే వస్తుండా.

2021 నవంబరు గుర్తుందా? పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయిన రోజులు. మా వీధికి కరెంటు లేదు, ఫోన్లన్నీ చచ్చినాయి. వాన పడినన్ని రోజులు సోలార్ దండగే, అబద్ధం చెప్పను, ట్రాక్టరు బ్యాటరీకి కారు ఛార్జరు తగిలించి వంతులవారీగా ఎక్కించా. తెరిపిచ్చాక నా మడత ప్యానెల్ బయటికి తీశా. 21 వాట్లది, మూడు మడతలు. పొద్దున్నించి సాయంత్రం దాకా వీధిలో ఎన్ని ఫోన్లు బతికించిందో లెక్కలేదు. ఒక్కరి దగ్గర రూపాయి తీసుకోలా. ఇప్పుడు వాళ్ళే టెంపర్డ్ గ్లాసుకి ఇరవై రూపాయలు తగ్గించమని అరగంట నిలబడతారు. పోనీ.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చి పోయాక మా బావ వచ్చి, "గుంటల కాడ చీకటిగా ఉందిరా, రెండ్రోజులు ఇయ్యి" అని ఆ ప్యానెల్ పట్టుకెళ్ళాడు. పసుపు కేబుల్‌తో సహా. రెండ్రోజులు. ఆ తర్వాత ఎన్ని సంక్రాంతులు వచ్చిపోయినాయో మీరే లెక్కేసుకోండి. అడిగితే, "యాడికి పోద్దిరా, గుడిసెలోనే ఉంది" అంటాడు. అక్కని అడిగితే, "ఒక్కగానొక్క బావకి ఆ మాత్రం ఇయ్యలేవా" అంటది. నేను నోరు మూసుకున్నా.

ఇవాళ డబ్బా ఉబ్బిందని వచ్చినప్పుడు అడిగా. "నా ప్యానెల్ ఉండగా ఈ చెత్త ఎందుకు కొన్నావు బావా?" అని. ఆయన ఎంత తాపీగా చెప్పాడంటే, "నీది సరిగా ఎక్కట్లేదురా ఈమధ్య. అందుకే కొన్నా" అన్నాడు. నాకు అనుమానమొచ్చింది. ఫోటో ఏమన్నా ఉందా అంటే ఫోను తీసి చూపించాడు. గుడిసె ముందర నులక మంచం. మంచం మీద నా ప్యానెల్, మూడు మడతలూ విప్పి. మూడో మడత మీద నెత్తళ్ళు ఆరబోసి ఉన్నాయి!

నెత్తళ్ళు. ఎండబెట్టిన చేపలు. నా 21 వాట్ల ప్యానెల్ మీద. "నున్నగా ఉంటదిరా, ఇసక అంటుకోదు" అని వివరణ కూడా. ప్యానెల్ లోపల చిన్న బిళ్ళలు పూసల దండలాగా ఒకదాని వెనక ఒకటి గుచ్చి ఉంటాయి, ఒకటి కప్పితే ఆ దండలో మిగతావి కూడా ఈడ్చుకుంటా నడుస్తాయి. చేపల కింద పెట్టి ఎక్కట్లేదంట! ఆ ఉప్పు పిన్నుల్లోకి దిగితే ఇంక దానికి నేనూ దిక్కు కాదు.

బావా, నువ్వు ఇది చదువుతావని తెలుసు, చదివి అక్కకి చూపిస్తావని కూడా తెలుసు. నీ ఉబ్బిన డబ్బా షాపు వెనక ఇసక బకెట్లో ఉంది, దానికి రిపేరు లేదు, సూదితో గుచ్చి గాలి తీద్దామని మళ్ళా అనవాకు. ఆదివారం వచ్చేటప్పుడు నా ప్యానెల్ పట్టుకురా. బోరు నీళ్ళు పోసి కడగొద్దు, తడిగుడ్డతో తుడువు. పసుపు కేబుల్ కూడా.

నెత్తళ్ళు ఓ అరకిలో పొట్లం కట్టించు. అవి మాత్రం బాగా ఎండినట్టున్నాయి.