ఆ మూడు సీట్ల లోటు అలాగే ఉండనివ్వండి

ఇది రాస్తున్నది 2025 జూన్ చివర్లో, కెనడా ఎన్నికలు అయిపోయి రెండు నెలలు కావస్తోంది. అయినా ఇక్కడి మన వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా అదే ప్రశ్న తిరుగుతోంది: ఈ గవర్నమెంటు ఎన్నాళ్ళు నిలబడుతుంది? 2025 ఏప్రిల్ 28న పోలింగ్ జరిగింది, రీకౌంటింగులన్నీ ముగిశాక 343 సీట్ల హౌస్ ఆఫ్ కామన్స్‌లో ప్రధాని మార్క్ కార్నీ లిబరల్ పార్టీకి 169 తేలాయి. మెజారిటీకి కావలసింది 172. కన్జర్వేటివ్‌లకి 144, కెబెక్ ప్రాంతీయ పార్టీ బ్లాక్ కెబెక్వాకి 22, వామపక్షం వైపు మొగ్గే ఎన్డీపీకి 7, గ్రీన్ పార్టీకి 1. మూడంటే మూడే తక్కువ. ఇండియాలో పెరిగిన మాలాంటి వాళ్ళకి మైనారిటీ ప్రభుత్వం అనగానే వి.పి. సింగ్, చంద్రశేఖర్, పదమూడు రోజుల వాజపేయి, ఇలా వరసగా కూలిన సర్కార్లే కళ్ళముందు కదులుతాయి. అందుకేనేమో, "ఆ ముగ్గురినీ ఎలాగోలా లాగేసుకుంటే ఓ పనైపోతుంది కదా" అనే మాట మనవాళ్ళ నోట చాలా మామూలుగా వినిపిస్తోంది. నాకు ఆ మాట అస్సలు నచ్చడం లేదు. ఈ ఎన్నికల్లో వచ్చిన మంచి ఫలితం ఏదైనా ఉందంటే ఆ మూడు సీట్ల లోటే అని నేను నమ్ముతున్నాను, దాన్ని తెరవెనక ఎవరూ పూడ్చకూడదని గట్టిగా కోరుకుంటున్నాను.

ముందు ఆ లోటు ఎంత సన్నటి గీత మీద నిలబడిందో చూడండి. మాంట్రియాల్ పక్కన టెర్బోన్ అనే రైడింగ్ ఉంది (ఇక్కడ నియోజకవర్గాన్ని రైడింగ్ అంటారు). పోలింగ్ రాత్రి అక్కడ లిబరల్ అభ్యర్థి 35 ఓట్లతో ముందున్నారు. లెక్కలు సరిచూస్తే బ్లాక్ అభ్యర్థి 44 ఓట్లతో గెలిచినట్టు తేలింది. జడ్జి సమక్షంలో మళ్ళీ లెక్కపెడితే లిబరల్ అభ్యర్థే గెలిచారు, అదీ ఒక్క ఓటుతో. ఆ తరవాత బయటపడిన సంగతి ఇంకా బాధాకరం. ఒక ఓటరు బ్లాక్‌కి వేసి పోస్టులో పంపిన బ్యాలెట్ తిరిగి ఆ ఇంటికే వచ్చేసింది, ఎందుకంటే ఎన్నికల సంస్థ ఇచ్చిన కవరు మీద ముద్రించిన పోస్టల్ కోడే తప్పు. ఆ మనిషి తన పని తాను సరిగ్గానే చేసింది, ఓటు మాత్రం లెక్కలోకి రాలేదు. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269-270తో పడిపోయిన సాయంత్రం టీవీ చూసిన వాళ్ళెవరికీ ఒక్క ఓటు విలువ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు.

నేనుండే చోటికి దగ్గర్లోనే మిల్టన్ ఈస్ట్–హాల్టన్ హిల్స్ సౌత్ ఉంది, మనవాళ్ళు బాగానే ఉన్న ప్రాంతం. అక్కడ లిబరల్ గెలిచింది 21 ఓట్లతో. 21 ఓట్లంటే మన ఉగాది భోజనాల్లో ఒక బంతికి కూర్చునే మంది. విండ్సర్ వైపు ఒక సీటు 4 ఓట్ల తేడాతో, న్యూఫౌండ్‌లాండ్‌లో ఇంకో సీటు 12 ఓట్ల తేడాతో కన్జర్వేటివ్‌లకి వెళ్ళాయి. వీటిలో నాలుగు బ్యాలెట్లు అటూ ఇటూ అయినా ఈ వ్యాసం ఇంకోలా ఉండేది, ఒప్పుకుంటాను. ఎవరూ "నాకు మైనారిటీ ప్రభుత్వం కావాలి" అని ఓటెయ్యరు, బ్యాలెట్ మీద ఆ గడి ఉండదు. కానీ దాదాపు రెండు కోట్ల మంది వేసిన ఓట్లన్నీ కలిపితే వచ్చిన అంకె అది, ఆ అంకెకి గౌరవం ఇవ్వాల్సిందే.

ఈసారి గాలి ఎటు వీచిందో కూడా గుర్తుపెట్టుకోవాలి. జనవరి 6న అప్పటి ప్రధాని ట్రూడో తప్పుకుంటానని ప్రకటించేనాటికి సర్వేల్లో లిబరల్స్ ఇరవై పాయింట్లకి పైగా వెనకబడి ఉన్నారు. ఆ తరవాత ట్రంప్ సుంకాలు, కెనడాని అమెరికాలో 51వ రాష్ట్రంగా కలుపుకుంటామన్న మాటలు, జనంలో ఎప్పుడూ చూడనంత కోపం. ఆ కోపం ఓట్లన్నిటినీ రెండు పార్టీల వైపు తోసేసింది, లిబరల్స్‌కి 43.8 శాతం, కన్జర్వేటివ్‌లకి 41.3 శాతం. కన్జర్వేటివ్ నాయకుడు పియేర్ పొలియేవ్ అయితే ఇరవై ఏళ్ళుగా ఎంపీగా ఉన్న తన ప్రాంతంలోనే ఓడిపోయారు. అంత భయంలో, అంత దేశభక్తి ఊపులో కూడా ఈ దేశం ఒక్కడి చేతిలో పూర్తి పెత్తనం పెట్టలేదు. ఇది వరసగా మూడోసారి: 2019లో, 2021లో, ఇప్పుడు 2025లో.

దీన్ని బలహీనత అనుకునేవాళ్ళు కెనడా చరిత్ర ఒకసారి తిరగేయాలి. లెస్టర్ పియర్సన్ 1963 నుంచి 1968 దాకా ప్రధానిగా ఉన్నారు, ఒక్కరోజు కూడా మెజారిటీ లేదు. మెజారిటీ కోసమే 1965లో మళ్ళీ ఎన్నికలకి వెళితే జనం ఈసారి రెండు సీట్ల దూరంలో ఆపేశారు. ఆ అయిదేళ్ళలోనే ఇప్పుడు మనం చూస్తున్న మేపుల్ ఆకు జెండా వచ్చింది, కెనడా పెన్షన్ ప్లాన్ వచ్చింది, 1966 డిసెంబర్‌లో మెడికేర్ (ప్రభుత్వ వైద్య బీమా) చట్టం వచ్చింది. మెడికేర్ బీజం పడింది సస్కాచవాన్‌లో, అక్కడ దానికి పునాది వేసిన టామీ డగ్లస్ అప్పటికి పార్లమెంటులో ఎన్డీపీ నాయకుడు. చేతిలో సంఖ్య ఉన్న ప్రభుత్వం వాయిదా వేసుకోగల పనిని, సంఖ్య లేని ప్రభుత్వం పక్కవాడి మాట వినక తప్పక చేసింది.

మొన్నమొన్నటి ఉదాహరణ పళ్ళ వైద్యం. 2022 మార్చిలో ట్రూడో, ఎన్డీపీ నాయకుడు జగ్మీత్ సింగ్ రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్నారు. మన భాషలో చెప్పాలంటే బయటి నుంచి మద్దతే, కాకపోతే షరతులన్నీ కాగితం మీద అందరికీ కనబడేలా పెట్టారు. అందులో మొదటి షరతు, ఇన్సూరెన్స్ లేని తక్కువ ఆదాయం వాళ్ళకి ప్రభుత్వమే పళ్ళ వైద్యం ఇవ్వాలని. మాకు తెలిసిన ఒక పెద్దావిడ ఉన్నారు, డెబ్భై దాటిన మనిషి, పీఆర్ (శాశ్వత నివాస హోదా) మీద కొడుకు దగ్గరికి వచ్చారు. దవడ పళ్ళు రెండు పుచ్చిపోయి, ఏళ్ళ తరబడి ఒక పక్కనే నములుతూ, "ఇండియా వెళ్ళినప్పుడు చూపించుకుందాంలే, ఇక్కడ వేలకి వేలు పోయడమెందుకు" అంటూ నెట్టుకొచ్చారు. ఈ పథకం కార్డు వచ్చాక డెంటిస్టు దగ్గరికి వెళ్ళి ఒకటి పీకించుకుని, ఇంకోదానికి సిమెంటు పెట్టించుకున్నారు. ఇప్పుడు జంతికలు కొరుక్కుని తింటున్నారు. ఏ పార్టీ ఎవరి మెడలు వంచితే ఆ కార్డు వచ్చిందో ఆవిడకి తెలియదు, ఆవిడకి ఇక్కడ ఓటు కూడా లేదు.

నాకు ఈ ఫలితాల్లో బాధ కలిగించింది కూడా ఇక్కడే. ఆ పని చేయించిన ఎన్డీపీ 2021లో 25 సీట్లు తెచ్చుకుంది, ఇప్పుడు 7. జగ్మీత్ సింగ్ సొంత సీటు పోగొట్టుకుని నాయకత్వం నుంచి తప్పుకున్నారు. ఎన్డీపీకీ బ్లాక్‌కీ వచ్చిన ఓట్లు దేశం మొత్తం మీద దాదాపు సమానం, రెండిటికీ 6.3 శాతమే. ఒకరికి 22 సీట్లు, ఇంకొకరికి 7, ఎందుకంటే బ్లాక్ ఓట్లన్నీ ఒక్క కెబెక్‌లోనే ఉన్నాయి. పైగా 12 సీట్లు లేకపోతే గుర్తింపు పొందిన పార్టీ హోదా ఉండదు, హోదా లేకపోతే పార్లమెంటు కమిటీల్లో చోటు ఉండదు. పన్నెండు లక్షల మందికి పైగా ఓటేసిన పార్టీ బిల్లుల్ని క్లాజు క్లాజుగా చర్చించే కమిటీలో సభ్యత్వమే లేకుండా ఉండిపోయింది. కార్నీ తలచుకుంటే, మిగతా పార్టీలు ఒప్పుకుంటే, ఈ నియమం సడలించడం పెద్ద పనేం కాదు. సడలించాలి.

ఇప్పుడు మన పీవీ దగ్గరికి వస్తాను. 1991 జూన్ 21న ఆయన ప్రమాణం చేసేనాటికి కాంగ్రెస్‌కి మెజారిటీ లేదు, ఆయన ఎంపీ కూడా కాదు, దేశం దగ్గర విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకి మించి లేదు. జూలై 1న, 3న రూపాయి విలువ తగ్గించారు, జూలై 24న పారిశ్రామిక విధానం, మన్మోహన్ సింగ్ బడ్జెట్ ఒకే రోజు వచ్చాయి. అంతా కలిపి అయిదు వారాలు కూడా పట్టలేదు. అటు బీజేపీ, ఇటు లెఫ్ట్ చేతులు కలిపి పడగొట్టవన్న ధీమా ఉన్నా, ఒక్కో ఓటుకీ రోజూ టెన్షనే, ప్రతిపక్షాలతో రోజూ మాట్లాడక తప్పలేదు. నవంబర్‌లో నంద్యాల ఉప ఎన్నిక వస్తే తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ అభ్యర్థిని పెట్టలేదు, పీవీ 5 లక్షల 80 వేల మెజారిటీతో గెలిచారు. మనం గర్వంగా చెప్పుకునే పీవీ ఈ పీవీ, సంఖ్య లేని పీవీ.

1993 జూలై 28 వేరే కథ. అవిశ్వాస తీర్మానం 265-251తో వీగిపోయింది. జేఎంఎం (జార్ఖండ్ ముక్తి మోర్చా) ఎంపీలకి డబ్బు ముట్టిందన్న ఆరోపణ కోర్టుకెక్కింది, 2000లో కింది కోర్టు పీవీని దోషి అంది, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అంది. ఈ మధ్యలో 1998లో సుప్రీంకోర్టు, లంచం తీసుకుని సభలో ఓటేసిన ఎంపీకి రాజ్యాంగ రక్షణ ఉంటుందని తీర్పిచ్చింది. ఆ తీర్పుని ఏడుగురు జడ్జీల ధర్మాసనం కొట్టేసింది 2024 మార్చి 4న, అంటే 26 ఏళ్ళ తరవాత. 1993 చివరికి అజిత్ సింగ్ వర్గం వచ్చి కలవడంతో కాంగ్రెస్‌కి మెజారిటీ కూడా సమకూరింది. జనం ఇవ్వని మెజారిటీ అది. 1996లో అదే జనం ఆ పార్టీని 140 సీట్లకి దించేశారు.

ఆ తరవాత మన రెండు రాష్ట్రాల్లో ఏం జరిగిందో మళ్ళీ ఏకరువు పెట్టాలా? 2014-19లో 23 మంది వైఎస్సార్‌సీపీ ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి, 2019లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లోకి, 2023 ఎన్నికల తరవాత బీఆర్ఎస్ వాళ్ళు కాంగ్రెస్‌లోకి. ఈ మూడు సందర్భాల్లోనూ అధికార పార్టీకి అప్పటికే మెజారిటీ ఉంది. ఫిరాయింపుల నిరోధక చట్టం 1985 నుంచీ ఉంది. కండువాలు మాత్రం మారుతూనే ఉన్నాయి. కెనడాలో అయితే ఆ చట్టం కూడా లేదు, ఎంపీ పొద్దున ఒక పార్టీలో నిద్ర లేచి సాయంత్రానికి ఇంకో పార్టీ బెంచీ మీద కూర్చోవచ్చు. 2005 మే 17న కన్జర్వేటివ్ ఎంపీ బెలిండా స్ట్రోనాక్ అలాగే లిబరల్స్‌లోకి వచ్చి ఏకంగా మంత్రి అయిపోయారు. రెండు రోజులకి బడ్జెట్ మీద ఓటింగ్ 152-152 అయితే స్పీకర్ ఓటుతో అప్పటి ప్రధాని పాల్ మార్టిన్ గవర్నమెంటు గట్టెక్కింది. ఏం లాభం, ఆ నవంబర్‌లోనే పడిపోయింది. రేపు కార్నీ మనుషులు ఎవరికైనా అలాంటి ఫోన్ చేస్తే, అది ఏ పార్టీ ఎంపీ అయినా సరే, ఆ రైడింగ్ ఓటర్లు గొడవ చెయ్యాలి. పార్టీ మారాలనుకుంటే రాజీనామా చేసి, ఉప ఎన్నికలో గెలిచి రమ్మనాలి.

మైనారిటీ అయితే చాలు అన్నీ బాగుంటాయని నేను అనను. 1979లో జో క్లార్క్ ప్రభుత్వం ఆరు నెలలు దాటగానే బడ్జెట్ మీద ఓడిపోయింది. 2024 చివర్లో ఒక పర్యావరణ నిధి పత్రాల గొడవతో సభ నెలల తరబడి కదల్లేదు. ఈ 2025 జూన్‌లో చూసింది ఇంకో రకం. జూన్ 2న, వేసవి సెలవుల లోపు ఆర్థిక లెక్కలు సభ ముందు పెట్టాలన్న కన్జర్వేటివ్ సవరణ 166-164తో నెగ్గింది, అంటే ప్రభుత్వం వచ్చిన కొత్తలోనే ఒక ఓటింగ్ ఓడిపోయింది, ఆకాశమేం విరిగి పడలేదు. కానీ పెద్ద ప్రాజెక్టులకి అనుమతులు త్వరగా ఇచ్చే బిల్లు సీ-5 ఉంది చూశారా, జూన్ 6న పెట్టారు, జూన్ 26కల్లా సెనేట్ కూడా దాటేసింది. ఆదివాసీ నాయకులు మా హక్కుల మాటేమిటని అడుగుతూనే ఉన్నారు. రెండు పెద్ద పార్టీలూ చేతులు కలిపితే చిన్న పార్టీల గొంతు ఎవరికీ వినబడదని ఆ మూడు వారాల్లోనే అర్థమైంది.

మనవాళ్ళు కళ్ళు పెట్టాల్సింది ఇంకో బిల్లు మీద, సీ-2. సరిహద్దు భద్రత పేరుతో జూన్ 3న పెట్టారు. ప్రజాప్రయోజనం అన్న మాట చెప్పి స్టడీ పర్మిట్, వర్క్ పర్మిట్ లాంటి దరఖాస్తుల్ని గుంపగుత్తగా ఆపేసే, ఇచ్చిన కాగితాల్ని రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఇస్తుందది. పోస్టులో వచ్చే ఉత్తరాలు తెరిచే అధికారాల మీద కూడా అభ్యంతరాలు వస్తున్నాయి. బ్రాంప్టన్‌లోనో కిచనర్‌లోనో బేస్‌మెంట్‌లో ఉంటూ, గోదావరి జిల్లాల నుంచీ కరీంనగర్ నుంచీ లక్షలు అప్పు చేసి వచ్చిన పిల్లలకి ఓటు లేదు. వలసలు తగ్గించాలన్న విషయంలో పెద్ద పార్టీలు రెండూ ఒకే మాట మీద ఉన్నాయి కాబట్టి ఈ బిల్లు కూడా సీ-5 లాగే ఉరుకులు పరుగుల మీద పోయే ప్రమాదం ఉంది. 172 ఉన్న ప్రభుత్వమైతే అడిగే అవకాశమే ఉండేది కాదు, 169 ఉన్నప్పుడు కనీసం ప్రతిపక్ష ఎంపీ చేత ఆ ప్రశ్న అడిగించవచ్చు.

సభ 2025 సెప్టెంబర్ 15న మళ్ళీ మొదలవ్వాల్సి ఉంది. బడ్జెట్ శరదృతువులో వస్తుందని కార్నీ చెప్పారు, అదే అసలు బలపరీక్ష. స్పీకర్ కూడా లిబరలే కాబట్టి ఓటింగ్‌కి ఆయన దగ్గరుండేది 168 మంది. అప్పటిదాకా ఎంపీలందరూ తమ రైడింగ్ ఆఫీసుల్లోనే ఉంటారు. సిటిజన్‌షిప్ తీసుకున్న మనవాళ్ళు వెళ్ళి కలవండి, సీ-2ని తొందరపడకుండా కమిటీలో క్లాజు క్లాజుగా చూడమని అడగండి, పార్టీ మారబోనని మాట తీసుకోండి. వెళ్ళే తీరిక లేకపోతే ఉత్తరం రాయండి, ఒట్టావాలోని హౌస్ ఆఫ్ కామన్స్ చిరునామాకి ఎంపీ పేరున రాసే ఉత్తరానికి స్టాంపు కూడా అంటించక్కర్లేదు.