సముద్రం లేని ఊళ్లో వరద బీమా: ప్రీమియం తక్కువే, తప్పుతున్నది లెక్క

సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున్న ఊళ్లో వరద బీమా దేనికని బెంగళూరులో స్థిరపడ్డ మనవాళ్లు చాలామంది అడుగుతుంటారు. విజయవాడకైతే బుడమేరు వాగు ఉంది, ఇక్కడ ఏముందని వాళ్ల ధీమా. ఇక్కడ చెరువులున్నాయి. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లను కింది చెరువుకు చేర్చే రాజకాలువలున్నాయి. మెజెస్టిక్ బస్టాండు ఒకప్పటి ధర్మాంబుధి చెరువు, కంఠీరవ స్టేడియం ఒకప్పటి సంపంగి చెరువు. సింగసంద్ర, హొంగసంద్ర పేర్లలోని ‘సంద్ర’ సముద్రమే! 2022 సెప్టెంబరులో సర్జాపుర రోడ్డు, యమలూరు విల్లాల్లోంచి జనాన్ని ట్రాక్టర్ల మీద బయటికి తెచ్చారు. 2024 అక్టోబరులో యలహంక కేంద్రీయ విహార్, 2025 మేలో హొరమావు సాయి లేఅవుట్ మునిగాయి. వీటిలో ఏ ఒక్కటీ పెద్ద నది ఒడ్డున లేదు.

ఇక ఖర్చు సంగతి. అమెరికాలో మామూలు ఇంటి బీమాలో వరద ఉండదు. దాన్ని విడిగా కొనుక్కోవాలి. ప్రభుత్వ పథకంలో కొన్నా సాధారణంగా 30 రోజులు గడిచాకే అది అమల్లోకి వస్తుంది. అక్కడి కథనాలు చదివి మన దగ్గరా వరద బీమా అంటే విడి పాలసీ, మోయలేని ప్రీమియం అనుకునేవాళ్లున్నారు. నిజానికి 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీలో అగ్నిప్రమాదం, భూకంపం, పిడుగులతో పాటు వరద, ముంపు కూడా కలిసే ఉంటాయి.

ఒక లెక్క వేసి చూద్దాం. కోటీ 20 లక్షలకు కొన్న ఫ్లాటు, కార్పెట్ ఏరియా 1,050 చదరపు అడుగులు. బీమా స్థలం ధరకు కాదు, మళ్లీ కట్టడానికయ్యే ఖర్చుకే. అడుగుకు 2,500 రూపాయల చొప్పున 26.25 లక్షలు. వెయ్యికి 40 పైసల రేటు అనుకుంటే ప్రీమియం 1,050, దాని మీద 18 శాతం జీఎస్టీ 189, మొత్తం 1,239 రూపాయలు. రేటు కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. ఎలా చూసినా చాలా అపార్ట్‌మెంట్లలో ఒక నెల మెయింటెనెన్స్ అంత కూడా ఉండదు. పైగా బిల్డింగ్ బీమా మొత్తంలో 20 శాతం వరకు, గరిష్ఠంగా 10 లక్షల దాకా, ఇంట్లో సామాన్లకు కూడా బీమా దానంతటదే వర్తిస్తుంది. పై ఉదాహరణలో అది 5.25 లక్షలు.

మనవాళ్ల లెక్క తప్పేది ఇంటీరియర్స్ దగ్గర. అడుగుకు 2,500 అన్నది గోడలు, స్లాబు, టైల్స్, తలుపుల ఖర్చు. బిల్డర్ తాళాలిచ్చాక మీరు చేయించుకున్న మాడ్యులర్ కిచెన్, వార్డ్‌రోబ్‌లు, ఫాల్స్ సీలింగ్ అందులో రావు. గోడకు బిగించినవి కాబట్టి పాలసీ దృష్టిలో అవీ బిల్డింగులో భాగమే. కానీ వాటికి 8 లక్షలైందనుకుంటే, ఆ 8 లక్షలూ మీరు కలిపి చెబితేనే లెక్కలోకి వస్తాయి. గ్రౌండ్ ఫ్లోర్‌లోకి అడుగు ఎత్తు నీళ్లొచ్చి రెండు రోజులు నిలిస్తే మొదట పోయేవి ఇవే. చెక్కపొడితో చేసే పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ రొట్టెలా ఉబ్బుతాయి. చెమ్మను మాత్రమే తట్టుకునే ఎంఆర్ గ్రేడ్ ప్లైవుడ్ పొరలు విడిపోతుంది. ఐఎస్ 710 మార్కు మెరైన్ ప్లై ఎంతోకొంత నిలబడుతుంది గానీ, దాని అంచు పట్టీ, కీళ్లు, డ్రాయర్ చానళ్లు మార్చక తప్పదు. బీమా మొత్తాన్ని 34.25 లక్షలు చేస్తే ప్రీమియం జీఎస్టీతో కలిపి సుమారు 1,617 రూపాయలు. అంటే ఏడాదికి 378 రూపాయల తేడా. దాని కోసం వెనకాడి కిచెన్‌ను బీమా బయట వదిలేయడం నాకైతే అర్థం కాదు.

హోమ్ లోన్ ఇచ్చినప్పుడు బ్యాంకు ఏదో పాలసీ చేసిందిలే అని ఊరుకునేవాళ్లు ఆ కాగితం ఒకసారి తీసి చూడాలి. అది అప్పు తీసుకున్నవాళ్ల ప్రాణానికి చేసిన బీమా కావచ్చు. ఇంటికే అయినా బాకీ మొత్తానికే చేసి ఉండొచ్చు. అద్దెకున్నవాళ్లు సామాన్లకు మాత్రమే పాలసీ తీసుకోవచ్చు. మారతహళ్లి, మున్నెకొళాల వైపు ఇరుకు సందుల్లో గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే మన కుర్రాళ్లకు ఈ సంగతి చెప్పేవాళ్లే కరువు.

అపార్ట్‌మెంట్లలో అసలు నష్టం బేస్‌మెంట్‌లో జరుగుతుంది. బిల్డింగ్ మొత్తానికీ కరెంటు పంచే ఎల్‌టీ ప్యానెల్, మీటర్ బోర్డులు, బోరు మోటార్లు, లిఫ్ట్ పిట్ అన్నీ అక్కడే. ప్యానెల్ మునిగితే తొమ్మిదో అంతస్తు వాళ్లకూ రోజుల తరబడి కరెంటు, నీళ్లు ఉండవు. ఇవి మీ ఫ్లాటు పాలసీలోకి రావు, అసోసియేషన్ విడిగా బీమా చేయించాలి. సెక్రటరీని పాలసీ కాపీ అడిగి, అందులో ప్యానెల్, డీజిల్ జనరేటర్, పంపుల విలువ విడివిడిగా రాశారో లేదో చూడండి. వాన ముదిరితే లిఫ్టును రెండో అంతస్తుకు పంపి మెయిన్ ఆపేయమని సెక్యూరిటీకి ముందే చెప్పి ఉంచడానికి పైసా ఖర్చు లేదు.

కారుదీ వేరే దారే. ఇంటి పాలసీ వాహనాలకు పనికిరాదు, థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే రూపాయి కూడా రాదు. సమగ్ర బీమా ఉన్నా, నీళ్లలో ఉన్న బండిని స్టార్ట్ చేస్తే చిక్కే. నీరు సిలిండర్లోకి చేరితే గాలిలా నొక్కుకుపోదు. పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ‘ఇంజిన్ ప్రొటెక్ట్’ అనే అదనపు కవర్ లేకపోతే ఆ ఇంజిన్ బిల్లు మీ జేబు మీదే పడుతుంది. తాళం తిప్పకుండా ఫ్లాట్‌బెడ్ మీద సర్వీస్ సెంటర్‌కు పంపడమే సరైన పని.

క్లెయిమ్ దగ్గర గొడవంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. అది ముంపా, ఎప్పటినుంచో ఉన్న చెమ్మా? నష్టం అంచనాకు కంపెనీ పంపే సర్వేయర్ చూసేది గోడనే. ఉప్పు పట్టి పెచ్చులూడిన గోడ పాత చెమ్మకు గుర్తు. అన్ని గదుల్లో ఒకే ఎత్తున బురద గీత ఉంటే అది ముంపు. ఆ గీత పక్కన టేపు పెట్టి, అంగుళాలు కనబడేలా ఫొటో తీసుకున్నాకే గోడ కడగండి. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ వెనకున్న స్టిక్కర్‌లో మోడల్, సీరియల్ నంబర్ ఫొటో తీయండి. ‘బాగానే ఉందేమో చూద్దాం’ అని ప్లగ్గు పెట్టకండి. సర్వేయర్ రాకముందే పాడైన పరుపులు, బోర్డులు చెత్తబండికి వేస్తే నష్టానికి రుజువు కూడా వాటితోనే పోతుంది. నీళ్లు తోడించిన బిల్లులు దాచండి. కంపెనీ కాదంటే ముందు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో పరిష్కారం దొరక్కపోతే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. 50 లక్షల దాకా వివాదాలు అక్కడ ఫీజు లేకుండా తేలతాయి.

ఈ చవక ఎన్నాళ్లు ఉంటుందన్నది వేరే సంగతి. ఇప్పుడు రాజకాలువ గట్టున ఉన్న విల్లాకూ, గుట్టమీది తొమ్మిదో అంతస్తు ఫ్లాటుకూ సాధారణంగా రేటులో పెద్ద తేడా ఉండదు. అమెరికా ప్రభుత్వ పథకం 2021 అక్టోబరు నుంచి ఒక్కో ఇంటికి నీరు ఎంత దూరంలో ఉందో, మళ్లీ కట్టడానికి ఎంతవుతుందో చూసి ధర కడుతోంది. చాలామందికి ప్రీమియం పెరిగింది. సర్వే నంబర్ల మీద చెరువులు, కాలువలు చూపించే దిశాంక్ యాప్‌ను ఇక్కడ ఎవరైనా ఫోనులో పెట్టుకోవచ్చు. బీమా కంపెనీలు అలాంటి పటాలు ముందు పెట్టుకుని రేటు కట్టే రోజు రాదని నేను అనుకోను. అందుకే పల్లంలో ఇల్లున్నవాళ్లు ఏడాదికోసారి రెన్యువల్ చేసుకోకుండా 10 ఏళ్ల పాలసీ అడగడం మేలు. అదనపు ప్రీమియం లేకుండానే బీమా మొత్తం ఏటా 10 శాతం పెరుగుతూ పోతుంది. ప్రపోజల్ ఫారంలో పాత నష్టాల గడి ఉంటే 2022లో ఇంట్లోకి నీళ్లొచ్చిన సంగతి దాచకుండా రాయండి. దాచితే క్లెయిమ్ రోజున సర్వేయర్‌కు పక్కింటివాళ్లు చెప్పేస్తారు.